నలభై ఒక్క కిలోమీటర్లు

కుతైసీలో ఫిబ్రవరి వాన.
షెడ్డు రేకు మీద ఎవరో
గుప్పిళ్ళతో శనగలు విసురుతున్నట్టు.
త్సియాలా టీచరు గొడుగు దులిపి అంది:
"జుంబేర్, దీనికి మాట పడిపోయింది.
కాళ్ళు మాత్రం బాగానే ఉన్నాయి."

నల్లని బి.ఎమ్.డబ్ల్యూ. తొంభై ఏడు నాటిది.
ఒకప్పుడు ఏ మంత్రిని మోసిందో,
బాకీ కింద తమ్ముడు అంటగట్టాడట.
ఇప్పుడు వెనక తోలు సీటు మీద క్యాబేజీలు.

తాళం తిప్పాను.
ముళ్ళు లేచి బుద్ధిగా నిలబడ్డాయి.
కిందున్న చిన్న కిటికీలోనే
అంకెలకు పళ్ళు ఊడిపోయాయి.
ఎనిమిదిలో సగం లేదు. ఏడు ఉత్త గీత.
ఏదో హెచ్చరిక నారింజరంగులో నోరు తెరిచి
నాలుగు చుక్కలు ఉమ్మి ఊరుకుంది.

"ఎన్నాళ్ళుగా?"
"మూడేళ్ళు."
"మరి ఎంత తిరిగారో?"
సంచీలోంచి గళ్ళ నోటుబుక్కు తీసింది.
ముప్పై ఏళ్ళు భౌతికశాస్త్రం చెప్పిన చేతిరాత.
అంకె చివరిసారి కనిపించిన రోజున ఒక ఎర్ర గీత,
ఆ కింద—
సంతకు ఆరు.
దంతవైద్యుడికి నాలుగున్నర.
సమ్త్రెదియా, చెల్లెలిల్లు, రానూ పోనూ డెబ్బై.
దారి పక్క రాళ్ళు చూసి కట్టిన లెక్క.
ఒక్క కొట్టివేత లేదు.

పైన రెండే స్క్రూలు.
ఇరవై ఏడేళ్ళ ప్లాస్టిక్ అప్పడంతో సమానం,
ఊపిరి బిగబట్టి లాగాలి.
తెల్ల ప్లగ్గు, నీలం ప్లగ్గు.
మీటరు నా ఒళ్ళోకి వచ్చాక
స్టీరింగు వెనక మిగిలిన గుంటను
ఆమె చూడలేకపోయింది. వాన వైపు తిరిగింది.

ముళ్ళు లేపడానికి మా అమ్మ జామ్ చెంచాలు రెండు.
సున్నా దగ్గర గుర్తుకు టేపు ముక్క.
వెంట్రుకవాసి తప్పినా
రేపటి నుంచి బండి అబద్ధాలాడుతుంది.
వెనక, అద్దానికి అతికిన సన్నటి రిబ్బను,
జిగురు ఎండి పొరలు లేచింది.
జబ్బంతా అక్కడే.
అంకెలు లోపల బతికే ఉన్నాయి,
బయటికొచ్చే దారే ఊడిపోయింది.

గీకాను. స్పిరిట్‌తో తుడిచాను.
భూతద్దం కింద కొత్త గీతల్ని
పాత గీతల మీద కూర్చోబెట్టాను.
వంకర. మళ్ళీ పీకాను.
"చాలు కదా మామా," అన్నాడు నా శిష్యుడు సాబా.
వాణ్ణి టీ పెట్టమని పంపించాను.
రెండోసారి కుదిరింది.
కాల్చిన ఇనప మొనకు రబ్బరు తొడిగి
ఒక్కో చోట పది లెక్కపెడుతూ నొక్కాను,
నిద్రపోయే పిల్లకు జ్వరం చూసినంత మెల్లగా.

చీకటి పడ్డాక తాళం తిప్పితే
అన్నీ ఒక్కసారే—
బ్రేకులు అరిగాయి, నీళ్ళు తగ్గాయి,
వెనక ఎడమ దీపం లేదు,
మూడేళ్ళుగా గొంతులో దాచుకున్న చాడీలన్నీ!
"నోరు లేనప్పుడే నయం," అంది టీచరు.
నవ్వాం.

తర్వాత వచ్చింది అంకె, నిండు పళ్ళతో:
మూడు లక్షల అయిదు వేల
ఏడు వందల అరవై తొమ్మిది.
సాబా నోటుబుక్కు పక్కన పెట్టుకుని
ఫోన్లో కూడాడు, మళ్ళీ కూడాడు.
"నలభై ఒకటి తేడా!" అన్నాడు,
దొంగను పట్టినట్టు.
"రాళ్ళ లెక్కకు అది లెక్కలోదే కాదు," అన్నాను నేను.

"లెక్క తప్పలేదు," అంది ఆమె.
"రాయలేదు."

ఏ పేజీ తిప్పలేదు. ఏ తేదీ చెప్పలేదు.
టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని
కొంచెంసేపు ఆ పచ్చటి వెలుగులో కూర్చుంది.
నేను అప్పటికే తుడిచిన చెంచాలు
మళ్ళీ తుడిచాను.

డబ్బు ఎంచి ఇచ్చింది.
"ఇక ఆ పుస్తకం ఎందుకు?" అన్నాడు సాబా,
వాడికి పదహారేళ్ళు.
ఆమె నా జేబులోంచి పెన్ను లాక్కుని
మోకాలి మీద పెట్టి చివరి వరుసలో
నలభై ఒకటి అని రాసింది.
ఎక్కడికి అనే గడి
ఖాళీగా వదిలేసింది.

గేటు దగ్గర బండి
ఎడమ దీపం లేకుండానే మలుపు తిరిగింది.
ఆ సంగతి ఇప్పుడు
దానికీ తెలుసు.